కటింగ్ మిషన్ కొనే ముందు
(సమాఖ్య సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగం)



పొదుపు, బ్యాంకు లింకేజీ, వసూళ్ల లెక్కలు ముందు మాట్లాడిన అక్కలు చెప్పేసినారు. అవే మళ్లీ చెప్పి మీ టైము తీసుకోము. ఈ ఏడాది అప్పు దరఖాస్తుల్లో కొత్తగా కనపడిన ఒక మాట గురించి చెప్పమని మాకు అప్పజెప్పినారు. ఇంతకాలం మన దగ్గరకు వచ్చే దరఖాస్తులు మీకు తెలిసినవే. ఎనుములు, గొర్రెలు, కుట్టు మిషన్, చిల్లర అంగడి, జొన్నరొట్టెల వ్యాపారం. ఈ ఏడు మాత్రం ఆదోని పట్టణంలో నుంచి, ఎమ్మిగనూరు వైపు పల్లెల్లో నుంచి కూడా "కటింగ్ మిషన్ కోసం" అని రాసిన దరఖాస్తులు వచ్చినాయి. అడిగినోళ్లంతా చదువుకున్న ఆడపిల్లలు, కోడళ్లు. ఫోన్లో వీడియో చూసి, ఆశపడి, మన దగ్గరకు వచ్చినారు. ఆశపడటం తప్పని మేము అనము. ఆశ లేకుంటే సంఘమే లేదు. అయితే ఆ దుడ్లు ఆ ఒక్క చెల్లెలివి కాదు, పదిమంది పొదుపు. కంతు నిలిచిపోతే మిగిలిన తొమ్మిదిమంది ముఖాలు చూసుకోవాల. అందుకే ఈ మిషన్ సంగతి కొంచెం వివరంగా చెప్తాం.

ముందు అది ఏమిటో తెలియని అక్కల కోసం. చూడటానికి కంప్యూటర్ ప్రింటర్ మాదిరే ఉంటుంది. ఇంకు ఉండాల్సిన చోట పెన్ను మొనంత చిన్న బ్లేడు ఉంటుంది. జిగురు రాసిన ఒక చాప మీద కాగితమో, రేడియం స్టిక్కరో అతికించి లోపలికి పెడతారు. ఫోన్లోనో కంప్యూటర్లోనో గీసిన బొమ్మ ప్రకారం బ్లేడు పక్కలకు, చాప ముందుకూ వెనక్కూ కదులుతూ కోస్తుంది. పూలు, పక్షులు, పిల్లల పేర్లు, కేకు మీద గుచ్చే అక్షరాలు, బైకు మీద అతికించే స్టిక్కర్లు, బట్టసంచి మీద ఇస్త్రీ పెట్టి అతికించే పేర్లు, ఇట్లాంటివి. బండ్లకు రేడియం కోసే అంగడిలో పెద్ద మిషన్ మీరు చూసే ఉంటారు. ఇది దాని చెల్లెలు. అమెరికాలో ఇంటి పట్టున చేతిపనులు చేసుకునే ఆడవాళ్ల కోసం వచ్చింది. క్రికట్ అని ఒక కంపెనీ, పలకడం మాత్రం మన పిల్లోళ్లు ఆడే క్రికెట్ లాగానే. సిల్హౌట్ అని ఇంకొకటి. కుట్టు మిషన్లు చేసే బ్రదర్ కంపెనీది స్కాన్‌ఎన్‌కట్ అని ఇంకొకటి.

ఇప్పుడు అది ఏమి చేయదో చెప్తాం. వీడియోల్లో ఇది చెప్పరు.

బ్లౌజులు కోయడానికి అది పనికి రాదు. దరఖాస్తు పెట్టిన వాళ్లలో టైలరింగ్ చేసే అక్కలు ఉన్నారు, "కటింగ్ మిషన్" అనే పేరు విని బట్ట కోసే మిషన్ అనుకున్నారు. ఈ ఇంటి మిషన్ల వెడల్పు మామూలుగా పన్నెండు అంగుళాలు. ఒక్క పొర మాత్రమే కోస్తాయి. మెత్తటి బట్ట అయితే చాలావాటిలో వెనకాల గట్టి కాగితం అతికించి పెట్టాల, లేకపోతే బట్ట బ్లేడుతో పాటే లాక్కొనిపోతుంది. మనలో చెయ్యి తిరిగిన టైలరక్క చాపలు, జిగుర్లు సర్దుకునే లోపల కత్తెరతో బ్లౌజు కోసి పక్కన పెట్టేస్తుంది. పొరలు పొరలుగా పేర్చి ఒకేసారి కోయాలంటే దానికి వేరే మిషన్ ఉంది. చేతిలో పట్టుకుని నడిపే గుండ్రటి బ్లేడుది, రెడీమేడ్ బట్టలు కుట్టేచోట వాడతారు. 2020లో కరోనా వచ్చినప్పుడు మనిషికి మూడు మాస్కులు పంచాలని ప్రభుత్వం నిర్ణయించి, కుట్టే పని పొదుపు సంఘాల ఆడవాళ్లకే ఇచ్చింది, గుర్తుంది కదా. అప్పుడు కుట్టేవాళ్లకు కొదవ లేదు, గుడ్డ కోసి ఇచ్చేవాళ్ల దగ్గరే పని ఆగిపోయేది. అట్లాంటి పనికి ఆ గుండ్రటి బ్లేడు మిషన్ కావాల గానీ, ఇది కాదు.

పెండ్లి స్టేజీల మీద పెట్టే పెద్ద పెద్ద అక్షరాలు కూడా దీంట్లో రావు. రెండు మూడు మిల్లీమీటర్లకు మించిన మందం ఇది కోయలేదు. థర్మోకోల్‌కు వేడి తీగ కావాల, చెక్కకు లేజర్ మిషన్ కావాల. అంటే, డెకరేషన్ వాళ్ల దగ్గర చూసిన పనిలో సగం దీనితో కాదు. అది తెలిసి కొనేదానికీ, కొన్నాక తెలుసుకునేదానికీ చాలా తేడా ఉంటుంది.

మరి ఇది ఎవరికి పనికొస్తుంది? మేము నలుగురైదుగురం కూర్చుని, చేసేవాళ్లను అడిగి, మార్కెట్లో తిరిగి చూసినాక మాకు తోచిన మాట ఒకటి ఉంది. అన్నీ ఒకే రకంగా ఉండే సరుకులో ఈ మిషన్ గెలవలేదు. "హ్యాపీ బర్త్‌డే" అని రాసిన అక్షరాలు పెద్ద ఊర్లలో అచ్చు పెట్టి వేలకు వేలు కొట్టి, కట్టలు కట్టి పంపుతారు. ఆదోనిలో ఏ ఫ్యాన్సీ అంగడికి పోయినా దొరుకుతాయి. వాళ్ల ధరకు మనం ఇంట్లో ఒక్కొక్కటి కోసి ఇవ్వలేం. మరి నాలుగైదు ముక్కల పనికో, మిషన్ అక్కరలేదు, కత్తెర చాలు. ఈ రెండింటి మధ్యన ఒక పని ఉంది. ఒక్కొక్క ముక్క వేరువేరుగా ఉండాల, చక్కగా ఉండాల, నెలంతా వస్తూ ఉండాల. ఆ పాప పేరు, ఈ బాబు పేరు. పెండ్లికూతురు పేరు, పెండ్లికొడుకు పేరు. ఆటో వెనకాల "ఉరుకుంద ఈరన్న" అని ఒకాయన అడుగుతాడు, పక్కాయన రాఘవేంద్ర స్వామిని అడుగుతాడు. అచ్చు పెట్టే ఫ్యాక్టరీ వాడు మన ఊరి పాప పేరు కొట్టి పంపడు కదా. ఆ పేరు దగ్గరే మనకు పని దొరుకుతుంది.

ఆ పేరు తెలుగులో కోయడం ఇంగ్లీషులో కోసినంత సులభం కాదు. మన అక్షరాల్లో ఎన్ని సున్నలు, ఎన్ని మెలికలు! రేడియం కోసినాక లోపల మిగిలిన ముక్కల్ని సూదిమొనతో ఒక్కొక్కటి ఏరి తీయాల. ఇంగ్లీషులో "రవి" అని కోస్తే ఏరాల్సిన ముక్కలు ఒకటో రెండో, అదే తెలుగులో ఏ "శ్రీ లక్ష్మీ నరసింహ" అనో చిన్న సైజులో కోసి చూడండి, కండ్లు లాగుతాయి. కేకు మీద గుచ్చే పేరు అయితే ఇంకొక చిక్కు. ఇంగ్లీషు కలిపిరాత అక్షరాలన్నీ ఒకదానికొకటి తగులుకుని ఒకే ముక్కగా వస్తాయి. మన తెలుగులో ఒత్తు విడిగా రాలిపోతుంది, తలకట్టు కూడా కొన్నింటిలో విడిగానే ఉంటుంది. కోసినాక పేరు చెల్లాచెదురు అవుతుంది. కింద ఒక పట్టీ గీసి అక్షరాలన్నీ దానికి తగిలించాల, లేదంటే వెనకాల వేరే రంగు కాగితం పెట్టి దాని మీద అంటించాల. ఇది నేర్చుకోదగిన పనే. నేర్చుకున్న చెల్లెలికి పోటీ తక్కువ, అదీ నిజమే.

అంతకంటే ముందు కంప్యూటర్లో ఆ అక్షరాలు సరిగ్గా పడాల. పరాయి దేశంలో చేసిన కొన్ని ప్రోగ్రాముల్లో తెలుగు టైపు చేస్తే ఒత్తు పక్కకు పోయి, గుడి ఒకచోట, హల్లు ఒకచోట పడతాయి. అప్పుడేం చేస్తారంటే, వేరే ప్రోగ్రాములో పేరు రాసి, దాన్ని బొమ్మగా మార్చి, మిషన్ వాళ్ల ప్రోగ్రాములోకి ఎక్కించుకుంటారు. అంటే మన తెలుగోళ్లకు, అట్లాగే కన్నడ, ఉర్దూ పేర్లు కోసేవాళ్లకు, ఈ బొమ్మ ఎక్కించే సౌకర్యమే ప్రాణం. ఆదోనిలో ఒకే వీధిలో మూడు రాతలూ అడుగుతారు, మీకు చెప్పేదేముంది.

ఇక్కడ ఒక సంగతి చెప్తాం, మన ఊరిది కాదు, అమెరికాది. 2021 మార్చిలో ఆ క్రికట్ కంపెనీ ఒక ప్రకటన చేసింది. సొంత బొమ్మలు నెలకు ఇరవై మాత్రమే ఎక్కించుకోవచ్చు, అంతకు మించితే నెలనెలా చందా కట్టాల అని. అప్పటికే దుడ్లు పెట్టి మిషన్ కొనుక్కున్న ఆడవాళ్లంతా మండిపడినారు. మిషన్ మాది, బొమ్మ మాది, మధ్యలో మీ చందా ఏందని వేలమంది సంతకాలు పెట్టినారు. ఒక వారం తిరగకముందే కంపెనీ పెద్ద, ఆశిష్ అరోరా అనే ఆయన, ఆ మాట వెనక్కి తీసుకున్నాడు. ఆ చందా నిలబడి ఉంటే? నెలకు ముప్పై నలభై తెలుగు పేర్లు కోసే చెల్లెలు ప్రతినెలా అమెరికాకు కప్పం కట్టాల్సి వచ్చేది. అది ఆగిపోయింది గనుక ఇప్పుడు భయం లేదని కాదు. కుట్టు మిషన్ ఒకసారి కొంటే అది మనది, నూనె వేసుకుని అమ్మ నుంచి కూతురు దాకా వాడుకోవచ్చు. ఈ మిషన్ బతుకు కంపెనీ వాళ్ల ప్రోగ్రాము మీద ఆధారపడి ఉంటుంది. అందుకని కొనే ముందు అడగాల్సినవి ఇవి. నెట్ లేకుండా పని చేస్తుందా? సొంత బొమ్మ ఎక్కించడానికి అదనంగా కట్టాలా? సిల్హౌట్ వాళ్ల ప్రోగ్రాము నెట్ లేకున్నా కంప్యూటర్లో నడుస్తుంది గానీ, కొన్ని రకాల బొమ్మలు తెరవాలంటే పైన దుడ్లు కట్టాల. స్కాన్‌ఎన్‌కట్‌లో అయితే కాగితం మీద చేత్తో రాసిన పేరును, గీసిన ముగ్గును మిషనే చూసుకుని కోస్తుంది. కంప్యూటర్ రాని అక్కలకు అది మేలనిపించింది మాకు. ధర మాత్రం కొంచెం ఎక్కువగా ఉంటుంది.

సరే, ఇంక దుడ్ల లెక్క. ఇది జాగ్రత్తగా వినండి, కావాలంటే రాసుకోండి.

మిషన్ ముప్పై వేలు అనుకుందాం. చాపలు, బ్లేడ్లు, కాగితాలు, మొదటిసారి చెడగొట్టుకునే సరుకు అంతా కలిపి ఇంకో ఐదు వేలు. మొత్తం 35,000 అప్పు. నూటికి రూపాయి వడ్డీ, 24 నెలల కంతులు. మొదటి నెల అసలు, వడ్డీ కలిపి సుమారు 1,800 కట్టాల. తర్వాత కొద్దికొద్దిగా తగ్గుతుంది గానీ, లెక్క సులువుగా ఉండటానికి 1,800 అనే పెట్టుకుందాం.

కేకు మీద పెట్టే పేరు ఒకటి బేకరీ వాళ్లకు 60 రూపాయలకు ఇచ్చినాం అనుకోండి. కాగితం, పుల్ల, జిగురు 10. చాప, బ్లేడు అరుగుదల 5. మిగిలేది 45. ఇది సొంత మిషన్ అయితే. మిషన్ కొనకుండా, ఆ పేరును మన కాగితం మీద బయట, రేడియం అంగడిలోనో, ఇప్పటికే మిషన్ ఉన్నవాళ్ల దగ్గరో 25 ఇచ్చి కోయించుకున్నామనుకోండి. అప్పుడు మిగిలేది 25. సొంత మిషన్ ఉంటే ముక్కకు 20 రూపాయలు ఎక్కువ మిగులుతుంది. అంతే. 45 కాదు, ఆ 20 రూపాయలే మిషన్ సంపాదన. మిగతాది మిషన్ లేకున్నా మీరు సంపాదించుకునేదే. ఈ ఒక్కటి మీకు గుర్తుంటే చాలు.

ఇప్పుడు నెలకు 30 పేర్లు వస్తే? బయట కోయించుకుంటే 750 చేతికి వస్తుంది. సొంత మిషన్ అయితే 1,350 వస్తుంది, దాంట్లో నుంచి 1,800 కంతు పోవాల. 450 ఇంట్లో నుంచే వేసి కట్టాల. అదే 90 పేర్లు వస్తే? బయట కోయించుకున్నా 2,250, సొంతమైనా కంతు పోను 2,250. రెండూ సమానం. 90 దాటితేనే మిషన్ దుడ్లు తెచ్చేది. 150 వస్తే బయట 3,750, సొంతంగా 4,950. మీ ధరలు వేరుగా ఉంటాయి, మీ లెక్క మీరు వేసుకోండి, కానీ ఈ పద్ధతిలో వేయండి. వీడియోలో చెప్పేవాళ్లు 60లో నుంచి 15 తీసేసి 45 లాభం అని చూపిస్తారు. కంతు చూపరు. మీరు బొమ్మ గీసిన టైము, ముక్కలు ఏరిన టైము, బేకరీకి తీసుకుపోయిన ఆటో చార్జీ చూపరు. ఒక్కో పేరుకు అంతా కలిపి ఇరవై నిమిషాలు పడితే 90 పేర్లకు ముప్పై గంటలు. పత్తి తీతకు పోతే ఆ ముప్పై గంటలకు ఎంత కూలి వస్తుందో మాకంటే మీకే బాగా తెలుసు.

సీజను సంగతి కూడా ఉంది. శ్రావణంలో ఉరుకుందకు జనం పోతారు, అప్పుడే మంత్రాలయంలో ఆరాధన ఉత్సవాలు. జనవరిలో ఎమ్మిగనూరులో నీలకంఠేశ్వరుని జాతర. మాఘం నుంచి పెండ్లిండ్లు. ఆ రోజుల్లో స్టిక్కర్లకు, పేర్లకు గిరాకీ బాగా ఉంటుంది. ఆషాఢంలో, మూఢంలో ఏముంటుంది? కంతుకు మాత్రం మూఢం ఉండదు. మన పడమటి మండలాల్లో వాన తప్పితే సగం ఊరు సుగ్గికి పోతుంది. మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు, కట్టడాల పనికి బెంగుళూరు వైపు. ఊర్లో మనుషులే లేనప్పుడు పుట్టినరోజు కేకులు ఎవరు కోస్తారు? పల్లెలో పెట్టే మిషన్‌కూ పట్టణంలో పెట్టే మిషన్‌కూ ఆ తేడా ఉంది. కోసిగిలోనో కౌతాళంలోనో ఉండే చెల్లెలు ఆదోని బేకరీలనో ఎమ్మిగనూరు ఫోటో స్టూడియోలనో నమ్ముకుని కొనాల గానీ, సొంత ఊరి మీద ఆశ పెట్టుకుంటే కష్టం.

ఇంకా చిన్నచిన్న సంగతులు. ఆ జిగురు చాప కొన్ని పదుల కోతలు కోసేసరికే పట్టు తప్పుతుంది. ఆదోనిలో జిన్నింగ్ మిల్లుల పక్క వీధుల్లో ఉండే అక్కలు, తలుపులు మూసినా గాలిలో పత్తి నుసి తిరుగుతుంటుంది, అది చాప మీద వాలిందంటే అంతే. మూత పెట్టి దాచుకోవాల. కోస్తుండగా కరెంటు పోతే ఆ ముక్క పాడైనట్టే. రిపేరు వస్తే మన ఊర్లో చూసేవాళ్లు లేరు, పెద్ద ఊరికి పంపాల. పంపి, తిరిగి వచ్చేదాకా కంతు ఆగదు కదా.

ఏం చేయమంటారు మరి, అని అడుగుతారు. ఈ ఏడాది దరఖాస్తు పెట్టిన వాళ్లందరికీ మేము కాదనలేదు, అవుననలేదు. ఒక నోటుబుక్కు ఇచ్చినాం. మూడు నెలలు మిషన్ లేకుండా వ్యాపారం చేయండి అన్నాం. బొమ్మ మీరు గీయండి, ఆర్డరు మీరు తెచ్చుకోండి, కోత మాత్రం బయట కోయించుకోండి. ఎన్ని ఆర్డర్లు వచ్చినాయి, ఎవరు అడిగినారు, ఎంత ఇచ్చినారు, ఎంత బాకీ పెట్టినారు, అన్నీ రాయండి. మూడు నెలలైనాక ఆ పుస్తకం తెండి, అప్పుడు మాట్లాడదాం.

పుస్తకాలు తిరిగి వచ్చినప్పుడు చూడాల. ఒక చెల్లెలు పట్టుమని పది ఆర్డర్లు కూడా రాయలేదు. అయితే ఆ బుక్కులోనే వెనక పేజీల్లో చీరలకు పీకో, ఫాలు కుట్టమని వచ్చినవాళ్ల పేర్లు పొడుగ్గా ఉన్నాయి. ఆ పిల్ల కుట్టు మిషన్ మీద పీకో రాదు, వేరేచోటికి పంపుతా ఉండింది. "నీకు కావాల్సిన మిషన్ ఇదీ" అని ఆ పేజీ చూపించినాం. పీకో మిషన్‌కు అప్పు తీసుకుంది, కంతులు తప్పకుండా కడుతోంది. ఇంకొక చెల్లెలు ఆర్డర్లు బాగా తెచ్చింది గానీ, బేకరీ వాళ్ల బాకీ సగానికి పైనే ఉండింది. ఆమెకు మిషన్ కంటే ముందు చేతిలో దుడ్లు తీసుకుని సరుకు ఇచ్చే ధైర్యం కావాల. అది మేము ఎట్ల ఇస్తాం? ఆమెతో పాటు మాలో ఇద్దరం ఆ బేకరీకి పోయి కూర్చున్నాం. మొత్తం రాలేదు, కొంత వచ్చింది. ఇప్పుడు సగం ముందు తీసుకునే పేరు రాసుకుంటోంది.

ఆదోనిలో మూడు సంఘాల్లో ముగ్గురు చెల్లెళ్ల పుస్తకాలు మాత్రం చూడముచ్చటగా ఉన్నాయి. ఒకామె బేకరీలకు కేకు పేర్లు, ఒకామె బండ్ల స్టిక్కర్లు, ఒకామె పెండ్లిండ్లలో పంచే సంచుల మీద పేర్లు. ఒక్కరి పనీ మిషన్‌కు సరిపోదు. ముగ్గురిదీ కలిపితే సరిపోతుంది. ముగ్గురినీ కూర్చోబెట్టి అడిగినాం, కలిసి ఒకటే కొనుక్కోండి అని. మొదట ముఖాలు ముడుచుకున్నారు. "మిషన్ ఎవరి ఇంట్లో పెట్టాల? బ్లేడు ఎవరు విరగ్గొడితే ఎవరు ఇవ్వాల?" అని. న్యాయమైన ప్రశ్నలే. రెండు మీటింగులు పట్టింది తేలేటప్పటికి. చివరకు మిషన్ ఎవరి ఇంట్లోనూ కాకుండా సమాఖ్య ఆఫీసులో, అద్దాల బీరువాలో పెట్టుకున్నారు. వారంలో రోజులు పంచుకున్నారు. ముక్కకు ఐదు రూపాయలు చాప, బ్లేడు డబ్బాలో వేస్తారు. రిజిస్టరులో రాస్తారు. కంతు ముగ్గురూ సమానంగా కడతారు.

ఎమ్మిగనూరు అక్కలకు ఇది కొత్త సంగతి కాదు. 1938లో మాచాని సోమప్ప గారు అక్కడ చేనేత సహకార సంఘం పెట్టినారు. మగ్గం నేసేవాళ్ల ఇంట్లోనే ఉండె, నూలు తేవడం, బట్ట అమ్మడం సంఘం చూసుకునేది. ఒక్క ఇల్లు మోయలేని బరువు సంఘం మోసింది. మన మిషన్ దానికి తలకిందులు, పనిముట్టు సంఘంలో ఉంది, ఆర్డర్లు ఎవరివి వాళ్లవి. ఏది కలిపి పెట్టుకోవాల, ఏది విడిగా ఉంచుకోవాల అనేది ఒక్కో పనికి ఒక్కో తీరు. కేకు మీద పేర్లమ్మే చెల్లెలు తన బేకరీలను మిగతావాళ్లకు చెప్పదు, చెప్పాలని మేమూ అడగము.

దుడ్లు ఎక్కడ నుంచి తేవాలని అడిగేవాళ్లకు రెండు ముక్కలు. ముద్రలో శిశు అప్పు యాభై వేల దాకా ఉంది, కానీ అదీ తిరిగి కట్టాల్సిన అప్పే, ఊరికే ఇచ్చేది కాదు. 2023 సెప్టెంబర్ 17న మొదలైన పీఎం విశ్వకర్మలో దర్జీ పని కూడా ఉంది. పేరు నమోదైనవాళ్లకు పనిముట్ల కోసం 15,000 దాకా సాయం ఉంది. అది దర్జీ పనిముట్లకు ఇచ్చేది. దాంతో ఈ బొమ్మలు కోసే మిషన్ కొనవచ్చని ఎవరైనా చెప్పినా నమ్మి బయానా ఇవ్వొద్దు.

బయానా మాట వచ్చింది గనుక ఇంకొకటి. "మిషన్ మా దగ్గర కొనండి, మీరు చేసిన సరుకు మేమే తిరిగి కొంటాం" అని ఎవరైనా వస్తే దండం పెట్టి పంపించండి. 2023లో హైదరాబాదులో దీపం వత్తుల మిషన్లు ఇట్లాగే అమ్మి, కొన్నాళ్లు వత్తులు తీసుకుని, తర్వాత బోర్డు తిప్పేసిన సంగతి పేపర్లన్నిట్లో వచ్చింది. మిషన్ మంచిదే కావచ్చు. అమ్మేవాడే కొనేవాడు కూడా అయితే, రేపు వాడు లేకుంటే ఆ వత్తులు ఎవరికి అమ్ముకోవాల? మన సరుకు కొనేవాళ్లు మనకు రోజూ బజార్లో కనపడేవాళ్లు అయి ఉండాల.

ఇప్పుడు మన ముందర ఇంకొక దరఖాస్తు ఉంది. నందవరం మండలం నుంచి, రెండు సంఘాల వాళ్లు కలిసి పెట్టినారు. ఎమ్మిగనూరులో చీరల అంగళ్లకు పెట్టెల మీద పేర్లు, రాఖీలు, పెండ్లి పత్రికల మీద అతికించే కాగితపు పూలు చేస్తామంటున్నారు. ఉత్సాహం బాగా ఉంది. వాళ్లలో ఒక చెల్లెలికి కంప్యూటర్ వచ్చు, తెలుగు అక్షరాలు బాగా గీస్తుంది, ఆ నమూనాలు బయట బల్ల మీద పెట్టినాం, టిఫిను దగ్గర అందరూ చూడండి. వాళ్ల నోటుబుక్కులో ఇంకా రెండు నెలల లెక్కే ఉంది. మూడో నెల పూర్తి చేసుకుని వచ్చే నెల సమావేశానికి తెమ్మన్నాం. వచ్చేటప్పుడు ముక్కకు బయట ఎంత ఇచ్చి కోయిస్తున్నారో ఆ చీటీలు కూడా తేవాల. అప్పు కమిటీ ఆరోజు ఆ చీటీలు పక్కన పెట్టుకుని, ఇందాక చెప్పిన లెక్క అందరి ముందరే వేసి, నిర్ణయం అక్కడే చెప్తుంది. ఈలోపల ఆదోని ఆఫీసులో ఉన్న మిషన్ మీద వాళ్ల ముక్కలు కోసిస్తామని ఆ ముగ్గురు చెల్లెళ్లూ ఒప్పుకున్నారు, ముక్కకు ఇరవై రూపాయలకు. శనివారం పొద్దున మిషన్ ఖాళీగా ఉంటుందంట, బొమ్మలు శుక్రవారం సాయంత్రం లోపల ఫోనుకు పంపాల.